రబ్బరు ముందు, రిమ్ము తరువాత: చురుకైన కారుకు టైర్ల ఎంపిక

16 అంగుళాల రిమ్ముల మీద 205/55 టైర్లతో వచ్చిన కారు (ఈ అంకెల అర్థం సైజు దగ్గర చెబుతాను). ఇంజిను చురుకైనదే, స్టీరింగ్ చెప్పిన మాట వింటుంది. టైర్లు మాత్రం అరిగిపోయాయి. ఎలాగూ మార్చక తప్పదు కనుక మనసు నేరుగా 18 అంగుళాల రిమ్ముల మీదికి పోతుంది. పోదని ఎవరైనా అంటే నేను నమ్మను. నాకూ పోయింది, కొన్నాను కూడా. చేతిలో ఉన్న డబ్బులో ముప్పాతిక వంతు రిమ్ములకే అయిపోయింది. మిగిలిన పావు వంతుకు ఏవి వస్తే ఆ టైర్లు వేయించాను. ఆగి ఉన్నప్పుడు కారు చూడముచ్చటగా ఉండేది. వాన కురిసిన మొదటి సాయంత్రం, రోజూ తిరిగే మలుపులో, రోజూ వెళ్లే వేగంలోనే ముందు చక్రాలు స్టీరింగ్ మాట వినకుండా నేరుగా పోయాయి. ఎదురుగా ఎవరూ లేకపోవడం నా అదృష్టం. పాత 16 అంగుళాల టైర్లు అరిగి ఉన్న రోజుల్లో కూడా ఆ మలుపులో అలా జారలేదు.

ఆ సాయంత్రంతో నేను టైర్ల గురించి ఆలోచించే వరుస తిరగబడింది. అంతకుముందు ఏ రిమ్ము, ఎంత వెడల్పు అని మొదలుపెట్టి చివర్లో ఏ టైరు అని ఆలోచించేవాడిని. ఇప్పుడు ముందుగా నేను నడిపే తీరుకు ఏ రకం రబ్బరు కావాలో తేల్చుకుంటాను. ఆ రబ్బరు ఏయే సైజుల్లో దొరుకుతుందో చూస్తాను. వాటిలో నా కారుకు పట్టేదేదో ఆఖరున చూస్తాను. మీకూ ఆ వరుసలోనే చెబుతాను.

నాలుగు రకాల రబ్బరు

పనితీరు (పెర్ఫార్మెన్స్) టైరు అన్న ఒకే పేరు కింద నాలుగు రకాలు అమ్ముతారు. పక్కపక్కన పెడితే అన్నీ నల్లగా, గుండ్రంగా ఒకేలా కనిపిస్తాయి. రోడ్డు ఎక్కాక వాటికీ వీటికీ చుట్టరికం కూడా ఉన్నట్టు అనిపించదు.

మొదటిది ఆల్ సీజన్ పనితీరు టైరు. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4, కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ డీడబ్ల్యూఎస్ 06 ప్లస్ ఈ కోవలోవి. చలిలోనూ మెత్తగా ఉండే రబ్బరు, సన్నని చీలికలు నిండిన ట్రెడ్, అంటే రోడ్డును తాకే పై పొర. పలచటి మంచు పడినా బండి ఇంటికి చేరుతుంది. అయితే ఎండ కాసిన రోడ్డు మీద గట్టిగా మలుపు తిప్పితే ఆ చీలికల మధ్య దిమ్మెలు అటూ ఇటూ వంగుతాయి. స్టీరింగ్ తిప్పడానికీ కారు తిరగడానికీ మధ్య చిన్న ఆలస్యం చేతికి తెలుస్తుంది.

రెండోది వేసవి టైరు. ఈ పేరు చాలామందిని పొరబాటు పట్టిస్తుంది. వేసవి టైరంటే వానకు పనికిరాదని అనుకుంటారు. వాతావరణం వెచ్చగా ఉన్నంతకాలం తడి రోడ్డు మీద కూడా మంచి వేసవి టైరే ఆల్ సీజన్ కంటే ముందు ఆగుతుంది. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్, కాంటినెంటల్ స్పోర్ట్‌కాంటాక్ట్ 7, గుడ్‌ఇయర్ ఈగిల్ ఎఫ్1 అసిమెట్రిక్ 6 వంటివి ఈ వర్గంలో పేరున్నవి. వీటి శత్రువు చలి. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెంటీగ్రేడ్ కంటే తగ్గితే రబ్బరు బిగుసుకోవడం మొదలవుతుంది. గడ్డకట్టే చలిలో నడిపితే ట్రెడ్ దిమ్మెలకు పగుళ్లు రావచ్చని తయారీదారులే హెచ్చరిస్తారు.

ఈ బిగుసుకోవడం ఎలా ఉంటుందో చేతితోనే తెలుసుకోవచ్చు. ఒకసారి మధ్యాహ్నం ఎండలో గంటసేపు నడిపి వచ్చాక ముందు టైరు ట్రెడ్‌ను బొటనవేలి గోరుతో నొక్కాను. గోరు కొంచెం దిగబడింది, తీశాక గుర్తు కాసేపు అలాగే ఉండి నెమ్మదిగా మాయమైంది. చలి బాగా ఉన్న ఒక తెల్లవారుజామున అదే దిమ్మెను అంతే బలంగా నొక్కితే గోరే నొప్పి పెట్టింది. చెప్పు అడుగును నొక్కినట్టుంది. టైరు మారలేదు, రోడ్డు మారలేదు. ఆ ఉదయం మొదటి నాలుగైదు మలుపుల్లో కారు వేరే కారులా ప్రవర్తించింది.

మూడోది, మాటల్లో అందరూ 200 అని పిలిచేది. అమెరికాలో టైరు పక్క గోడ మీద అరుగుదలను సూచించే అంకె ఒకటి ముద్రించాలి. అక్కడి ఔత్సాహికుల వేగ పోటీల్లో చాలా విభాగాలు ఆ అంకె 200కు తగ్గకూడదని నియమం పెట్టుకున్నాయి. దాంతో కంపెనీలు సరిగ్గా ఆ గీత మీద నిలబడే టైర్లు చేయడం మొదలుపెట్టాయి. బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్‌ఈ-71ఆర్‌ఎస్, యోకోహామా అడ్వాన్ నియోవా ఏడీ09 అలాంటివి. పొడి రోడ్డు మీద వీటి పట్టు చూస్తే మామూలు టైరుతో మళ్లీ నడపబుద్ధి కాదు. కానీ కొంచెం వేడెక్కాకే అసలు రూపం చూపిస్తాయి, రొద ఎక్కువ, గాడులు తక్కువ కనుక నిలిచిన నీటిలో త్వరగా తేలిపోతాయి, చూస్తుండగానే అరిగిపోతాయి.

నాలుగోది రేసు ట్రాక్ కోసం పుట్టి రోడ్డుకు అనుమతి తెచ్చుకున్న రకం. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2, టోయో ప్రాక్సెస్ ఆర్888ఆర్ వంటివి. వీటి గురించి ఎక్కువ చెప్పను. రోజూ నడిపే కారుకు ఇవి వేసుకునేవారు తమకేం కావాలో ముందే తెలిసినవారు, లేదా తడి రోడ్డును ఇంకా చూడనివారు.

రోజూ పనికి వెళ్లే కారు, వారాంతంలో ఖాళీ ఘాట్ రోడ్డు మీద సరదా, ఏడాదిలో ఎప్పుడైనా ఒకటి రెండు రోజులు ట్రాక్ మీద: ఇది మీ లెక్క అయితే రెండో రకమే తీసుకోండి. ఇందులో నాకు సందేహం లేదు. మూడో రకం ఇచ్చే అదనపు పట్టును వాడుకోవాలంటే రోడ్డు మీద వెళ్లకూడని వేగంతో వెళ్లాలి. అదీ కాక దాని పట్టు సడలే తీరు కూడా వేరు. మంచి వేసవి టైరు జారబోయే ముందు కీచుమని, స్టీరింగ్‌ను తేలిక చేసి, రెండు మూడు విధాలుగా కబురు పంపుతుంది. కొన్ని 200 టైర్లు చివరి వరకూ మౌనంగా పట్టుకుని ఉండి ఒక్కసారిగా వదిలేస్తాయి. డ్రైవింగ్ ఇంకా నేర్చుకుంటున్నవారికి ముందుగా చెప్పి జారే టైరే మేలైన గురువు. చలికాలంలో మంచు పడే చోట ఉండి రెండు జతల చక్రాలు పెట్టుకునే వీలు లేనివారికి ఆల్ సీజన్ తప్ప దారి లేదు. వీలుంటే రెండు జతలే ఉత్తమం. ఒక జత వాడుతున్నప్పుడు రెండోది అరగదు కనుక దీర్ఘకాలంలో ఖర్చు భయపడినంత ఉండదు.

పక్క గోడ మీది అంకెలను ఎంత నమ్మాలి

అరుగుదల అంకె గురించి ఒక మాట. 400 ఉన్న టైరు 200 ఉన్నదానికి సరిగ్గా రెట్టింపు దూరం వస్తుందని లెక్క కట్టేవారున్నారు. ఆ పరీక్షలో టైర్లను ఒక నిర్ణీత దారిలో 7,200 మైళ్లు, అంటే దాదాపు 11,600 కిలోమీటర్లు తిప్పుతారు. అంత దూరంలో ఎంత అరిగిందో 100 అంకె ఇచ్చిన ప్రామాణిక టైరుతో పోల్చి, మొత్తం ఆయుష్షును అంచనా వేస్తారు. ఆ అంచనా వేసి అంకె వేసుకునేది తయారీదారే. అందుకే ఒకే కంపెనీ టైర్లను తమలో తాము పోల్చడానికి అది బాగా పనికొస్తుంది. రెండు కంపెనీల మధ్య అయితే కొంచెం అనుమానంతోనే చూడాలి.

అదే వరుసలో ఏఏ, ఏ, బీ, సీ అని పట్టుకు ఒక శ్రేణి ఉంటుంది. అది తడి నేల మీద నేరుగా, బ్రేకు పడి చక్రం తిరగకుండా బిగుసుకున్నప్పుడు ఎంత పట్టు ఉందన్నదాన్నే కొలుస్తుంది. మలుపులో పట్టు గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు. ఐరోపా టైర్ల మీద అంటించే చీటీ కాస్త మెరుగు. 2021 మే నుంచి దాని మీద తడి పట్టుకూ, ఇంధన ఆదాకూ ఏ నుంచి ఈ వరకు శ్రేణులు, బయటికి వినిపించే శబ్దానికి డెసిబెళ్ల అంకె ఉంటున్నాయి. చురుకైన కారుకు తడి పట్టులో ఏ లేకపోతే నేను ఆ టైరును పక్కన పెడతాను. ఇంధన ఆదాలో సీ వచ్చినా పట్టించుకోను. అయితే ఈ శ్రేణులన్నీ కొత్త టైరువి. గాడి లోతు 3 మిల్లీమీటర్లకు దిగాక తడిలో ఆ టైరు ఏ శ్రేణిదో ఏ చీటీ చెప్పదు.

ఇక సైజు

ఇప్పుడు 225/45 ఆర్17 94 డబ్ల్యూ అని ఉందనుకుందాం. 225 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 45 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 45 శాతం, అంటే 101 మిల్లీమీటర్లు. 17 రిమ్ము వ్యాసం అంగుళాల్లో. 94 అంటే ఒక్కో టైరు 670 కిలోలు మోయగలదు. డబ్ల్యూ అంటే గంటకు 270 కిలోమీటర్ల వరకు తట్టుకుంటుంది. హెచ్ అయితే 210, వీ అయితే 240, వై అయితే 300. అంత వేగంతో ఎవరు వెళ్తారని అడగవచ్చు. వేగం కోసం కాకపోయినా, వేడిని తట్టుకునే నిర్మాణం కోసం అది కావాలి. కారు తయారీదారు చెప్పిన అక్షరం కంటే కిందికి దిగవద్దు.

మన 205/55 ఆర్16 కారు దగ్గరికి వద్దాం. దాని మొత్తం వ్యాసం 631.9 మిల్లీమీటర్లు. 225/45 ఆర్17 అయితే 634.3. 225/40 ఆర్18 అయితే 637.2. 235/40 ఆర్18 అయితే 645.2. మొదటి రెండు మార్పులూ ఒక శాతంలోపే, స్పీడోమీటరుకు తెలియనే తెలియదు. మూడోది 2 శాతం పైన. మీటరు 100 చూపిస్తుంటే అసలు వేగం మునుపటి కంటే రెండు కిలోమీటర్లు ఎక్కువ. దానికంటే నాకు బాధగా అనిపించేది ఇంకొకటుంది. చక్రం పెద్దదైతే ప్రతి గేరూ ఆ మేరకు పొడవవుతుంది. వేగం పుంజుకోవడం కోసం ముచ్చటపడి కొన్న కారులో మనమే డబ్బిచ్చి ఆ చురుకును తగ్గించుకున్నట్టు.

మోసే బరువు దగ్గర ఒక గొయ్యి ఉంది, అందులో పడినవారిని చూశాను. 205/55 ఆర్16 మీద సాధారణంగా 91 ఉంటుంది, అంటే 615 కిలోలు. 225/40 ఆర్18లో మామూలు నిర్మాణం ఉన్న టైరు 88 మాత్రమే, అంటే 560 కిలోలు. వెడల్పు పెరిగింది కదా అని బలమూ పెరిగిందనుకుంటాం. కానీ లోపల గాలికి చోటు తగ్గింది. అదే సైజులో ఎక్స్‌ట్రా లోడ్ రకం (ఎక్కువ బరువు మోసేలా బలపరిచినది) తీసుకుంటే 92, అంటే 630 కిలోలు. అది కూడా ఆ బరువు మోయాలంటే మామూలు టైరు కంటే ఎక్కువ గాలి ఉండాలి. పెద్ద రిమ్ములు వేసి పాత గాలి అంకెనే కొనసాగించేవారి టైర్లు భుజాల దగ్గర, అంటే ట్రెడ్ రెండు అంచుల్లో, ముందు అరగడానికి ఇదే కారణం.

వెడల్పు నిజంగా ఇచ్చేదేమిటి

వెడల్పయిన టైరు రోడ్డును ఎక్కువ మేర తాకుతుందనీ, అందుకే పట్టు ఎక్కువనీ అనుకుంటాం. కాసేపు లెక్క వేద్దాం. ఒక చక్రం మీద 350 కిలోల బరువు ఉంది, గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 32 పౌండ్లు, అంటే 32 పీఎస్‌ఐ. గాలే ఆ బరువును మోస్తున్నదనుకుంటే నేలను తాకే భాగం దాదాపు 156 చదరపు సెంటీమీటర్లు. రెండు అరచేతులంత కూడా ఉండదు. అదే గాలితో టైరును వెడల్పు చేస్తే బరువు మారలేదు, గాలి మారలేదు, కనుక ఆ వైశాల్యం పెద్దగా మారదు. ఆకారం మారుతుంది. పొడవుగా, సన్నగా ఉన్న ముద్ర పొట్టిగా, అడ్డంగా సాగుతుంది.

ఆ అడ్డ ఆకారం మలుపులో నిజంగానే మేలు చేస్తుంది. టైరు తక్కువ వంకరతో ఎక్కువ పక్క బలం పుట్టిస్తుంది, స్టీరింగ్ తిప్పగానే కారు స్పందిస్తుంది, వేడిని ఎక్కువ రబ్బరు పంచుకుంటుంది కనుక వరుసగా పది మలుపులు తిరిగినా పట్టు నిలుస్తుంది. వెడల్పు పెంచినందుకు వచ్చే లాభం ఇది. నష్టం తడిలో కనిపిస్తుంది. అడ్డంగా ఉన్న ముద్ర ఎక్కువ నీటిని ముందుకు తోయాలి, పక్కలకు పంపడానికి దారి ఎక్కువ, సమయం తక్కువ. నీటి మీద చక్రం తేలే వేగం గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి పెరుగుతుందని 1963లో నాసా ప్రచురించిన ప్రయోగ ఫలితాలు చూపించాయి. గాడులు తోడలేనంత నీరు నిలిచి ఉన్నప్పుడు ఆ సూత్రం ప్రకారం 32 పీఎస్‌ఐ ఉంటే గంటకు 94 కిలోమీటర్ల దగ్గర, 25 పీఎస్‌ఐకి జారితే 83 దగ్గర తేలుతుంది. ఆ సూత్రం విమానాల టైర్ల నుంచి వచ్చింది కనుక కారుకు ఆ అంకెలను కచ్చితమైన హద్దుగా తీసుకోలేము. అయినా ఏడు పీఎస్‌ఐ గాలి బద్ధకం మనల్ని ఎంత కిందికి దించుతుందో అవి బాగానే చెబుతాయి.

వెడల్పు టైరుకు ఇంకో అలవాటుంది. లారీలు తొక్కి గాడులు పడిన రోడ్డు మీద అది ఆ గాడి వెంటే పోవాలని చూస్తుంది. రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని గంటలు నడిపాక సాయంత్రానికి భుజాలు చెబుతాయి.

రిమ్ము వెడల్పు గురించి మాట్లాడకుండా టైరు వెడల్పు గురించి మాట్లాడటం అర్థంలేని పని. 225/45 ఆర్17కు అనుమతించిన రిమ్ము వెడల్పు 7 నుంచి 8.5 అంగుళాలు. దాని వెడల్పును కొలిచేది 7.5 రిమ్ము మీద. 245/40 ఆర్17కు కనీసం 8 కావాలి. 7 అంగుళాల రిమ్ము మీదికి 245ను బలవంతంగా ఎక్కిస్తే పక్క గోడలు లోపలికి ముడుచుకుని బెలూన్‌లా ఉబ్బుతాయి, మలుపులో ట్రెడ్ ఒక వైపు, రిమ్ము ఇంకో వైపు ఊగుతాయి. అంత చేసి 225 ఇచ్చే పదును కూడా రాదు. రిమ్ము అర అంగుళం పెరిగితే అదే టైరు సుమారు 5 మిల్లీమీటర్లు వెడల్పవుతుంది. సరైన రిమ్ము మీద 225, ఇరుకు రిమ్ము మీద 245: ఈ రెండింటిలో నేను కళ్లు మూసుకుని మొదటిది తీసుకుంటాను.

ఆఫ్‌సెట్ కూడా చూడండి. అంటే రిమ్ము మధ్య గీతకూ, అది కారుకు బిగిసే ముఖానికీ మధ్య దూరం, మిల్లీమీటర్లలో. 7 అంగుళాల, 45 ఆఫ్‌సెట్ రిమ్ము తీసి 8 అంగుళాల, 35 ఆఫ్‌సెట్‌ది పెడితే బయటి అంచు 22.7 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది, లోపలి అంచు 2.7 మాత్రమే లోపలికి పోతుంది. ఈ లెక్క కాగితం మీద రెండు నిమిషాల పని. నేను వేసుకోలేదు. ఫలితంగా వెనక సీట్లో ఇద్దరు కూర్చుని గతుకు దాటిన ప్రతిసారీ మడ్‌గార్డ్ అంచు టైరును గీకింది. కారు దిగి చూస్తే టైరు బయటి భుజం మీద కత్తితో చెక్కినట్టు చుట్టూ సన్నని గీత.

మరి 16ఆ, 17ఆ, 18ఆ?

పక్క గోడ ఎత్తు 16లో 113 మిల్లీమీటర్లు, 17లో 101, 18లో 90. 18 వేసుకుంటే గుంతకూ రిమ్ముకూ మధ్య ఉన్న మెత్తదనంలో దాదాపు 23 మిల్లీమీటర్లు పోతాయి. నా 18 రిమ్ముల్లో ఒకటి వంగింది ఆ 23 మిల్లీమీటర్ల వల్లే. చీకట్లో కనిపించని గుంత, ఒక్క దెబ్బ, ఆ తరువాత 80 దాటితే స్టీరింగ్ వణుకు. బరువు సంగతి కూడా ఉంది. రిమ్ము పెద్దదయ్యేకొద్దీ లోహం కేంద్రం నుంచి దూరం జరుగుతుంది. ఆ బరువును స్ప్రింగులు మోయవు. కారు కదిలిన ప్రతిసారీ దాన్ని తిప్పాలి, బ్రేకు వేసిన ప్రతిసారీ ఆపాలి, ప్రతి గతుకులో డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) దాన్ని అదుపు చేయాలి. కొనేముందు రిమ్మూ టైరూ కలిపి తూకం వేసి పాత చక్రంతో పోల్చండి. బరువు పెరుగుతుంటే ఆగి ఆలోచించండి.

ఇదంతా చదివితే 16 దగ్గరే ఆగమని చెబుతున్నట్టు అనిపించవచ్చు. నిజానికి కాగితం మీద ఒక ముచ్చటైన దారి ఉంది. 225/50 ఆర్16 వ్యాసం 631.4, పాతదానికి అర మిల్లీమీటరు తేడా. రిమ్ము 7 అంగుళాలదైతే చక్కగా కూర్చుంటుంది. వెడల్పు పెరుగుతుంది, పక్క గోడ ఎత్తు అలాగే ఉంటుంది, కొత్త రిమ్ముల ఖర్చు లేదు. చిక్కు ఒక్కటే. ఆ సైజులో మొదటి శ్రేణి వేసవి టైర్లు దాదాపుగా కరువు. కంపెనీలు తమ మంచి రబ్బరును ఎక్కువ కార్లు వాడే సైజుల్లోనే పోస్తాయి. 225/45 ఆర్17కు ఉన్నన్ని ఎంపికలు దాని ఇరుగుపొరుగు సైజుల్లో చాలా వాటికి లేవు. 18కి వెళ్తే 225/40, 235/40, 245/40లో ఎంపిక ఇంకా విశాలం. పైలట్ స్పోర్ట్ 4ఎస్‌కు 16లో వెతకడం మీ సమయం వృథా.

అందుకే నా ఓటు ఇలాంటి కారుకు 17కే, అదీ అందం కోసం కాదు. కావాల్సిన రబ్బరు ఆ సైజులో దొరుకుతుంది కనుక, గోడ ఇంకా నాలుగు అంగుళాలు ఉంటుంది కనుక, తేలికపాటి 17 రిమ్ము పాత 16 కంటే బరువు పెరగకుండా దొరికే అవకాశం ఉంది కనుక. 18 ఎవరికి? పెద్ద బ్రేకులు వేయించి 17 లోపల చోటు చాలనివారికి, రోడ్లు నునుపుగా ఉన్నవారికి, కారు పుట్టుకతోనే 18తో వచ్చి సస్పెన్షన్ దానికి తగ్గట్టు కుదిర్చి ఉన్నవారికి. అలాంటి కారుకు 17కి దిగడం కూడా ఆలోచించదగ్గదే, రిమ్ము బ్రేకు కాలిపర్‌కు (బ్రేకు డిస్కును పట్టి నొక్కే భాగానికి) తగలనంత వరకు.

ముందు ఒక సైజు, వెనక వెడల్పయిన సైజు వేసే పద్ధతి వెనక చక్రాలు నడిపే శక్తివంతమైన కార్లది. ముందు చక్రాలు నడిపే కారుకు దాన్ని అరువు తెచ్చుకోకండి. అసలే ముందు వైపు జారే స్వభావం ఉన్న కారు ఇంకా మొండిగా తయారవుతుంది. నాలుగూ ఒకే సైజయితే ముందూ వెనకా మార్చుకుంటూ సమానంగా అరగనివ్వవచ్చు. నాలుగు చక్రాలూ నడిపే కారయితే నాలుగు టైర్ల చుట్టుకొలత ఒకేలా ఉండాలి. రెండు కొత్తవి, రెండు అరిగినవి పెడితే మధ్యలో ఉన్న గేర్లు ఆ తేడాను రోజంతా మోయాలి.

కొన్నాక

టైరు పక్కన డాట్ (DOT) అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. ఏళ్ల తరబడి గోదాములో ఉన్న మంచి టైరును తగ్గింపు ధరకు ఇస్తామంటే ఈ నాలుగంకెలు చూసి మాట్లాడండి. అసౌష్ఠవ ట్రెడ్ (లోపలి సగం ఒకలా, బయటి సగం ఇంకోలా ఉండేది) అయితే బయటి వైపు అని రాసింది బయటికే ఉందో లేదో కారు కిందికి దించకముందే చూసుకోండి. ఒకసారి నాలుగింటిలో ఒకటి తిరగేసి బిగించారు. ఇంటికి వచ్చాక గాని నాకు కనిపించలేదు. మొదటి 300 కిలోమీటర్లు నిదానంగా నడపండి. అచ్చు నుంచి విడిపించడానికి పూసిన జారుడు పదార్థం పై పొర పోవాలి.

అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాల సర్దుబాటు, కొత్త టైర్లతో పాటే చేయించండి. చురుకుదనం కోసం చక్రాన్ని లోపలికి వంచే క్యాంబర్ పెంచుకున్నవారు లోపలి అంచు అరుగుదలకు దాన్నే తిడతారు. నిజంగా టైరును తినేది ఎక్కువగా టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం. పైనుంచి చూస్తే ట్రెడ్ నిండుగా ఉంటుంది. చేయి చక్రం వెనక్కి పెట్టి లోపలి భుజం తడిమితే గరుకుగా తీగలు తగులుతాయి. నెలకోసారి ఆ చేయి పెట్టండి, చేతికి మసి అంటితే అంటనివ్వండి.

గాలికి ఒక సుద్దముక్క చాలు. చాలా టైర్లకు భుజం మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. దాని మీదుగా ట్రెడ్ అంచు నుంచి పక్క గోడ వరకు సుద్దతో అడ్డంగా ఒక గీత గీయండి. వాహనాలు లేని సురక్షితమైన చోట, ట్రాక్ అయితే మరీ మంచిది, కాసేపు మలుపుల్లో నడిపి వచ్చి చూడండి. సుద్ద త్రికోణం కొస దాకా చెరిగితే గాలి సరిపోయింది. కొస దాటి గోడ మీద కూడా చెరిగిపోతే టైరు ఒరిగిపోతోంది, రెండు పీఎస్‌ఐ పెంచండి. త్రికోణానికి చాలా పైనే ఆగిపోతే గాలి ఎక్కువ. చల్లగా ఉన్నప్పుడు ఒక అంకె, వేడెక్కాక ఒక అంకె రాసిపెట్టుకోండి. ఉష్ణోగ్రత 5 లేదా 6 డిగ్రీలు మారితే దాదాపు ఒక పీఎస్‌ఐ మారుతుంది. నా కారు తలుపు జేబులో ఆ అంకెలు రాసిన చీటీ, అరిగిపోయిన సుద్దముక్క ఇప్పటికీ ఉన్నాయి. 18 రిమ్ములు మూడు అమ్మేశాను, వంగినదాన్ని ఎవరూ కొనలేదు.